షార్ట్ సర్వీస్ కమిషన్, పీజీ చదువు: రెండింటినీ ఒకే ప్రణాళికలో నడిపించుకోవడం ఎలా?

డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారిలో యూనిఫాం వేసుకోవాలన్న కోరిక, పీజీ చేయాలన్న కోరిక రెండూ సమానంగా ఉన్నవారు చాలామంది కనిపిస్తారు. వారికి ఇంట్లోనూ కాలేజీలోనూ వినిపించే సలహా ఒక్కటే: ముందు ఏదో ఒకటి తేల్చుకో. ఈ సలహాతో నేను ఏకీభవించను. భారత సాయుధ దళాల్లో నిర్ణీత కాలానికి మాత్రమే అధికారిగా నియమించే షార్ట్ సర్వీస్ కమిషన్‌కు మొదటి రోజు నుంచే ఒక ముగింపు తేదీ ఉంటుంది. ప్రవేశ పరీక్షలు, దరఖాస్తు గడువులు, తరగతుల ప్రారంభం కూడా ఏటా దాదాపు అవే నెలల్లో వస్తాయి. రెండు వైపులా తేదీలు ముందే తెలుస్తున్నప్పుడు, ఏది ముందు, ఏది తర్వాత, ఏది మధ్యలో అన్న లెక్క జాగ్రత్తగా వేసుకుంటే రెండూ సాధ్యమే. ఈ మార్గదర్శి ప్రధానంగా ఆర్మీ షార్ట్ సర్వీస్ కమిషన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఎయిర్‌ఫోర్స్, నేవీ, వైద్యులు, అగ్నివీరుల విషయంలో తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: గడువును ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకోండి

పేరులో ‘షార్ట్’ అని ఉన్నా, ఆర్మీలో ఈ కమిషన్ మొదటి గడువు 10 సంవత్సరాలు, ఆపై 4 సంవత్సరాల వరకు పొడిగింపు ఉంటుంది. పదో ఏట అధికారి పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ దాకా కొనసాగే నియామకం, కోరుకోవచ్చు, లేదా సర్వీసు వదిలి బయటికి రావచ్చు. పర్మనెంట్ కమిషన్‌కు ఎంపిక కాకపోయినా సేవకు తగినవారని తేలినవారికి 4 సంవత్సరాల పొడిగింపు కోరుకునే అవకాశం ఉంటుంది. మహిళా అధికారులకు కూడా పర్మనెంట్ కమిషన్‌ను పరిశీలించాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న ఇచ్చిన తీర్పు తర్వాత, పదో ఏట తీసుకోవలసిన ఈ నిర్ణయం స్త్రీ పురుషులిద్దరికీ ఒకే బరువుతో ముందుకు వస్తోంది. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచిలో గడువు నేరుగా 14 సంవత్సరాలు, గ్రౌండ్ డ్యూటీ బ్రాంచుల్లో 10 సంవత్సరాలు, ఆపై పొడిగింపు ఉంటాయి.

ఈ 10 సంవత్సరాలు కమిషన్ పొందిన తేదీ నుంచి లెక్కకు వస్తాయి. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ 49 వారాలు. అంటే అకాడమీ గేటు దాటి లోపలికి వెళ్లిన రోజు నుంచి రిలీజ్, అంటే సర్వీసు నుంచి విడుదల, వరకు దాదాపు 11 ఏళ్లు. 22 ఏళ్లకు చేరినవారు 33 ఏళ్లకు బయటికి వస్తారు. ఈ అంకెను కాగితం మీద పెద్దగా రాసుకుని, దాని పక్కన మీరు చదవాలనుకుంటున్న కోర్సు పేరు రాయండి. రెండూ పక్కపక్కన నిలబడగలవా అన్న ప్రశ్నకు సమాధానం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

రెండేళ్లు చేసి, నచ్చకపోతే మానేసి పీజీలో చేరవచ్చన్న ఆలోచనతో మాత్రం ఎవరూ ఈ దారిలోకి రావద్దు. శిక్షణ మధ్యలో సొంత ఇష్టంతో వెళ్లిపోయేవారు శిక్షణ ఖర్చును తిరిగి చెల్లించాలి. కమిషన్ పొందాక గడువుకు ముందే విడుదల అన్నది అడిగితే దొరికే హక్కు కాదు. అంతకంటే ముఖ్యమైన విషయం, మీ కింద పనిచేసే జవాన్లు సగం మనసుతో ఉన్న అధికారిని చాలా త్వరగా గుర్తుపడతారు.

రెండో మెట్టు: మీ సబ్జెక్టును బట్టి వరుస నిర్ణయించుకోండి

అందరికీ వర్తించే వరుస ఒకటి లేదు. భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం, జీవ శాస్త్రాల్లో పరిశోధన చేయాలనుకునేవారు వీలైతే ఎమ్మెస్సీ ముగించుకునే సర్వీసులోకి వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. పదేళ్ల విరామం తర్వాత ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో కూర్చుని క్వాంటం మెకానిక్స్‌ను మొదటి నుంచి చదవడం అసాధ్యం కాదు గాని, చాలా కష్టం. 21 ఏళ్లకు డిగ్రీ, 23 ఏళ్లకు పీజీ పూర్తి చేసినవారికి కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ద్వారా అకాడమీలో చేరేందుకు ఇంకా వయసు ఉంటుంది. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలోని ఎడ్యుకేషన్ బ్రాంచుల వంటి కొన్ని ప్రవేశాలకు పీజీ పట్టానే అర్హత. అంటే ముందే చదివిన చదువు సర్వీసులోనూ అక్కరకు వస్తుంది.

మేనేజ్‌మెంట్ విషయంలో వరుస పూర్తిగా తిరగబడుతుంది. ఎంబీఏ చేయాలనుకునేవారు సర్వీసు ముగించుకునే వెళ్లాలి. అహ్మదాబాద్ ఐఐఎం ఏడాది కోర్సు పీజీపీఎక్స్‌కు డిగ్రీ తర్వాత కనీసం 4 సంవత్సరాల అనుభవం, బెంగళూరు ఐఐఎం ఈపీజీపీకి కనీసం 5 సంవత్సరాల అనుభవం కావాలి. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కూడా అనుభవం ఉన్నవారినే ఏడాది కోర్సులోకి తీసుకుంటుంది. ముప్ఫై ఏళ్ల లోపే వందమందికి పైగా మనుషులకు నాయకత్వం వహించిన అధికారికి ఈ తరగతి గదుల్లో ఉండే విలువ, డిగ్రీ అయిన వెంటనే క్యాట్ రాసి వెళ్లిన విద్యార్థికి ఉండదు.

ఇంజనీర్ల విషయం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సివిల్, మెకానికల్ వంటి శాఖల్లో మూల సూత్రాలు నిలకడగా ఉంటాయి కాబట్టి ఎంటెక్ ముందు చేసినా వృథా కాదు. సాఫ్ట్‌వేర్, కమ్యూనికేషన్ల వంటి శాఖల్లో పదేళ్ల కిందటి ఎంటెక్ రిలీజ్ నాటికి పాతబడిపోతుంది. అందుకని బీటెక్‌తో షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీలో చేరి, ఎంటెక్‌ను తర్వాతికి ఉంచుకోవడం మేలు. ఈ ఎంట్రీకి వయోపరిమితి 27 కాబట్టి తొందర కూడా అంతగా ఉండదు.

న్యాయ విద్యార్థులకు ఒక చక్కని వెసులుబాటు ఉంది. ఆర్మీ న్యాయ విభాగమైన జడ్జ్ అడ్వకేట్ జనరల్ శాఖ ప్రవేశానికి ఇటీవలి నోటిఫికేషన్లు క్లాట్ పీజీ స్కోరును తప్పనిసరి చేశాయి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఎల్ఎల్ఎం ప్రవేశానికీ ఆ స్కోరే ఆధారం. ఒకే పరీక్షకు చేసిన సాధన రెండు దారులనూ తెరిచి ఉంచుతుంది. ఇక చరిత్ర, రాజనీతి శాస్త్రం, ఆంగ్ల సాహిత్యం, ప్రభుత్వ పాలన వంటివి సర్వీసు మధ్యలోనే దూరవిద్యలో పూర్తి చేయదగినవి.

ఎంబీబీఎస్ పూర్తి చేసినవారికి లెక్క వేరు. ఆర్మీ మెడికల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ మొదటి గడువు 5 సంవత్సరాలు, ఆపై 9 సంవత్సరాల వరకు పొడిగింపు. పీజీ చేయాలనుకునే యువ వైద్యులకు ఈ 5 సంవత్సరాల గడువు ఎంతో అనుకూలమైనది. కాకపోతే నీట్ పీజీ సిలబస్‌తో సంబంధం తెగిపోకుండా చూసుకోవాలి. రోజూ కొంతసేపు పాత ప్రశ్నలు చేసే అలవాటు యూనిట్‌లో ఉన్నప్పుడు కూడా వదలకూడదు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారి సర్వీసు శిక్షణతో కలిపి 4 సంవత్సరాలు. ఆ తర్వాత రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందిని. మిగతావారు పీజీ గురించి ఆలోచించాలంటే ముందు డిగ్రీ ఉండాలి. ఆ డిగ్రీని సర్వీసులో ఉండగానే సంపాదించుకునేందుకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, అగ్నివీరుల కోసమే నైపుణ్యాధారిత డిగ్రీ కోర్సును రూపొందించింది. అందులో 50 శాతం క్రెడిట్లు సైనిక శిక్షణ నుంచే లభిస్తాయి. మొదటి ఏడాదే నమోదు చేసుకున్న అగ్నివీరుడు సర్వీసు చివర అందే సేవానిధి మొత్తంతో పాటు డిగ్రీ పట్టాతోనూ బయటికి వచ్చి, నేరుగా పీజీ ప్రవేశ పరీక్ష రాయగలడు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక పీజీ మధ్యలో ఆపి, తర్వాత కొనసాగించే వీలు ఏర్పడింది. ఒక ఏడాది చదివి, మిగిలింది సర్వీసు తర్వాత పూర్తి చేద్దామని కొందరు అనుకుంటారు. అయితే చదివిన సబ్జెక్టుల క్రెడిట్లను జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచిన క్రెడిట్లకు గరిష్ఠ గడువు 7 సంవత్సరాలు. పదేళ్ల సర్వీసు ముగిసేసరికి అవి చెల్లవు. పీజీ మొదలుపెడితే ముగించుకునే వెళ్లండి. నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి పీజీ ఒక్క ఏడాదిలో పూర్తయ్యే మార్గం ఉంది కాబట్టి, సర్వీసుకు ముందే చదవాలనుకునేవారికి ఆ దారి కలిసివస్తుంది.

మూడో మెట్టు: పరీక్షకూ అకాడమీకీ మధ్య ఉన్న కాలాన్ని వాడుకోండి

కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్షను యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. ఏప్రిల్ ప్రాంతంలో జరిగే పరీక్ష రాసినవారికి ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో కోర్సు మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. సెప్టెంబరు పరీక్ష రాసినవారికి మరుసటి ఏడాది అక్టోబరులో. రాత పరీక్ష, సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, మెరిట్ జాబితా అన్నీ ఈ ఏడాదిలోనే జరుగుతాయి. అయినా మధ్యలో ఖాళీ చాలా ఉంటుంది.

ఆ ఖాళీలో చేయవలసిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది కాగితాల పని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పదేళ్ల తర్వాత సరిహద్దులో పోస్టింగులో ఉంటూ యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఫోన్లు చేయవలసి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, సెమిస్టర్ వారీ మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఒరిజినల్ డిగ్రీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ అన్నీ చేతికి తీసుకోండి. ఒరిజినల్ డిగ్రీకి స్నాతకోత్సవం దాకా ఆగకుండా ముందే దరఖాస్తు చేసే వీలుంటే ఫీజు కట్టి తీసుకోండి. విదేశాల ఆలోచన ఉన్నవారు సీల్డ్ కవర్లలో కొన్ని ట్రాన్స్‌క్రిప్టులు కూడా తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో స్థానికతను తేల్చడానికి అడిగే స్టడీ సర్టిఫికెట్లను స్కూలు నుంచి డిగ్రీ దాకా ఒకచోట పెట్టుకోండి. అన్నిటినీ స్కాన్ చేసి డిజిలాకర్‌లోనూ, ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గరా ఒక ప్రతి ఉంచండి.

రెండో పని, మీకు పాఠం చెప్పిన అధ్యాపకుల్లో ఇద్దరిని స్వయంగా కలిసి మీ ప్రణాళిక చెప్పడం. పదేళ్ల తర్వాత సిఫారసు లేఖ అడిగినప్పుడు వారు మిమ్మల్ని గుర్తుపట్టాలంటే, మధ్యలో ఏడాదికొక్కసారైనా ఒక మెయిల్ రాయాలి. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ కొన్నాళ్లకు పనిచేయదు. వారి సొంత మెయిల్, ఫోన్ నంబరు తీసుకోవడం మరవకండి.

నాలుగో మెట్టు: మొదటి మూడేళ్లు పుస్తకం మూసేయండి

చాలామందికి నచ్చని సలహా ఇదే, కాని నేను గట్టిగా నమ్మేది కూడా ఇదే. అకాడమీలో తెల్లవారుజామున మొదలయ్యే రోజు రాత్రి దాకా తీరిక ఇవ్వదు. కమిషన్ వచ్చాక కొత్త లెఫ్టినెంట్ తన ట్రూపులోని మనుషుల పేర్లు, ఊళ్లు, కుటుంబ పరిస్థితులు నేర్చుకోవాలి. ఆ తర్వాత తన శాఖకు చెందిన పాఠశాలలో యంగ్ ఆఫీసర్స్ కోర్సు ఉంటుంది. ఇన్‌ఫాంట్రీ అయితే మౌ, ఆర్టిలరీ అయితే దేవ్‌లాలీ, సైనిక యంత్రాలు, పరికరాల మరమ్మతు చూసే ఈఎంఈ శాఖ అయితే సికింద్రాబాద్ పోయి రావాలి. ఈ కోర్సులో వచ్చే గ్రేడింగ్ మీ రికార్డులో చివరిదాకా ఉంటుంది. రెండేళ్లకు కెప్టెన్ ర్యాంకు, ఆపైన మేజర్ ప్రమోషన్ కోసం పార్ట్ బి పరీక్ష. వీటి మధ్య పీజీ దూరవిద్య అసైన్‌మెంట్లు కూడా తలకెత్తుకుంటే రెండింటికీ న్యాయం జరగదు.

ఈ దశలోనూ చేతికి ఒక విద్యార్హత వస్తుంది. చెన్నై అకాడమీలో శిక్షణ విజయవంతంగా ముగించినవారికి మద్రాస్ విశ్వవిద్యాలయం డిఫెన్స్ మేనేజ్‌మెంట్, స్ట్రాటజిక్ స్టడీస్‌లో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇస్తుంది. దాన్ని ఇంటి అల్మారాలో పడేయకుండా, మార్కుల పత్రంతో సహా జాగ్రత్త చేయండి. తర్వాత ఏ దరఖాస్తులోనైనా ఉన్నత విద్య గడిలో రాయదగిన అర్హత అది.

అయిదో మెట్టు: నాలుగో ఏడు నుంచి ఏడో ఏడు వరకు, దూరవిద్య

సర్వీసు, చదువు ఒకదానికొకటి తోడుగా నడవగల కాలం ఇది. యూనిట్ పని చేతికి వచ్చి ఉంటుంది, సరిహద్దుకు దూరంగా ప్రశాంతంగా ఉండే పీస్ స్టేషన్‌లో ఒక పోస్టింగ్ దొరికే అవకాశం ఉంటుంది, సాయంత్రాలు కొన్ని మీవిగా ఉంటాయి.

ముందుగా అనుమతి. సర్వీసులో ఉన్న అధికారి ఏ కోర్సులో చేరాలన్నా కమాండింగ్ ఆఫీసర్ ద్వారా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ప్రైవేటుగా కట్టేద్దాం, తర్వాత చూద్దాం అనుకోవద్దు. అనుమతి లేని పట్టాను రికార్డులో చేర్పించుకోవడం కష్టమవుతుంది. దరఖాస్తులో కోర్సు పేరు, విశ్వవిద్యాలయం, పరీక్షలు జరిగే నెలలు, విధులకు ఆటంకం కలగదన్న హామీ స్పష్టంగా రాస్తే అనుమతి సాధారణంగా సాఫీగా వస్తుంది. కమాండింగ్ ఆఫీసర్‌ను ముందు నోటిమాటగా కలిసి, ఏ విరామంలో పరీక్షలు రాయదలచుకున్నారో చెప్పి, ఆ తర్వాతే కాగితం పెట్టడం మర్యాద కూడా.

విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. దూరవిద్య కోర్సుకు యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఆ విద్యా సంవత్సరానికి ఉందా అన్నది ఒకటి. మీరు ఎక్కడికి బదిలీ అయినా పరీక్షా కేంద్రం అక్కడికి మార్చుకోవచ్చా అన్నది రెండోది. ఈ రెండో కారణం వల్లే సైన్యంలో ఇగ్నోకు ఇంత ఆదరణ. ఇగ్నోలో ప్రవేశాలు జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఉంటాయి. టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. ప్రతిసారీ పరీక్ష ఫారం నింపేటప్పుడు కేంద్రాన్ని ఎంచుకోవచ్చు కాబట్టి, జూన్‌లో జోధ్‌పూర్‌లో రాసి డిసెంబరులో తేజ్‌పూర్‌లో రాసేవారూ ఉంటారు. రెండేళ్ల ఎంఏను 4 ఏళ్ల దాకా సాగదీసుకునే వీలుంది. ఆ వీలును ముందే లెక్కలోకి తీసుకుని, ఏడాదికి రెండు మూడు పేపర్ల చొప్పున పంచుకోండి.

అసైన్‌మెంట్ల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. గడువులోగా అసైన్‌మెంట్లు అందకపోతే, పరీక్ష ఎంత బాగా రాసినా ఆ పేపరు పూర్తయినట్టు చూపించదు. సిగ్నల్ లేని పోస్టులో ఉండబోతున్నారని తెలిస్తే, బయలుదేరే ముందే అవి పంపి, పంపిన రసీదు ఫొటో తీసి ఉంచుకోండి. పాఠ్యపుస్తకాలను పీడీఎఫ్‌గా దింపుకోవడంతో పాటు, ఎత్తయిన చలి ప్రాంతాలకు వెళ్లేవారు అచ్చు పుస్తకాలూ వెంట తీసుకెళ్లాలి. అక్కడ చలికి ఫోను బ్యాటరీ నిలవదు.

పరీక్షల కోసం సెలవు ఎలా వాడుకోవాలన్నది ఇంకో లెక్క. అధికారులకు సాధారణంగా ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అవి యూనిట్ అవసరాలకు లోబడి ఇచ్చేవి. వార్షిక సెలవు మొత్తం పరీక్షలకే ఖర్చు చేస్తే ఇంటికి వెళ్లేదెప్పుడు? క్యాజువల్ సెలవును పరీక్షల మధ్య పంచుకుని, వార్షిక సెలవును అమ్మానాన్నలకు, భార్యాపిల్లలకు మిగల్చండి. చదువు పేరుతో ఇంటివాళ్లకు దూరమైతే, రిలీజ్ నాటికి మీ పీజీకి వెన్నుదన్నుగా నిలవవలసిన మనుషులే అలసిపోయి ఉంటారు.

దూరవిద్యలో అన్నీ దొరకవు. ఎంటెక్ వంటి ఇంజనీరింగ్ కోర్సులకు ఆ పద్ధతిలో అనుమతి లేదు. పీహెచ్‌డీ కూడా దూరవిద్యలో చెల్లదు. 2022 యూజీసీ నిబంధనలు పార్ట్ టైం పీహెచ్‌డీని అంగీకరించాయి గాని, దానికి యజమాని ఇచ్చే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ కావాలి, కోర్స్‌వర్క్ కూడా పూర్తి చేయాలి. ఏ పోస్టింగ్ ఎన్నాళ్లో తెలియని యువ అధికారికి ఇది సాధ్యం కాదని నా ఉద్దేశం. ఇంజనీర్లు ఈ కాలంలో ఆన్‌లైన్‌లో దొరికే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు తీసుకోవడం తెలివైన పని. 4, 8, 12 వారాల నిడివిలో ఉంటాయి. ఐఐటీ ఆచార్యులే చెబుతారు. చివరి పరీక్షను కేంద్రానికి వెళ్లి రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్‌కు బరువు ఉంటుంది. ఏడాదికొకటి చొప్పున చేసినా, ‘ఈ మనిషి సబ్జెక్టును వదల్లేదు’ అని ఎంటెక్ ఇంటర్వ్యూ బోర్డుకు కనిపించే ఆధారం అదే.

ఆరో మెట్టు: స్కోర్ల గడువును సర్వీసు గడువుతో సరిపోల్చండి

గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన తేదీ నుంచి 3 సంవత్సరాలు చెల్లుతుంది. జీఆర్‌ఈ, జీమ్యాట్ 5 సంవత్సరాలు, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ 2 సంవత్సరాలు. క్యాట్, సీయూఈటీ పీజీ, రాష్ట్రాల ఐసెట్, పీజీఈసెట్ వంటివి ఆ విద్యా సంవత్సరానికే. దీన్నిబట్టి చూస్తే బీటెక్ చివరి ఏడాదిలో రాసిన గేట్ పదేళ్ల తర్వాతి ఎంటెక్‌కు ఏమాత్రం ఉపయోగపడదు. జీఆర్‌ఈ, జీమ్యాట్‌లను మాత్రం సర్వీసు ఏడో ఏట, పీస్ స్టేషన్‌లో ఉన్నప్పుడు రాసి పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఫీల్డ్ పోస్టింగ్ వచ్చినా దిగులు ఉండదు. గేట్‌ను ఎనిమిదో ఏట ఒకసారి, అవసరమైతే తొమ్మిదో ఏట ఇంకోసారి రాయండి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌లను దరఖాస్తు చేసే ఏడాదికి ముందు రాయనే వద్దు.

ఏడో మెట్టు: మీ రిలీజ్ నెలను బట్టి కోర్సును ఎంచుకోండి

చాలామంది గమనించని విషయం ఇది. చెన్నై అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ సాధారణంగా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి జరుగుతుంది. కాబట్టి 10 సంవత్సరాల గడువు ముగిసేది కూడా మార్చిలోనో సెప్టెంబరులోనో. మార్చిలో కమిషన్ పొందినవారికి అదృష్టం కలిసివస్తుంది: ఐఐఎంల ఏడాది కోర్సులు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ కోర్సు ఏప్రిల్ ప్రాంతంలోనే మొదలవుతాయి, ఎంటెక్, ఎమ్మెస్సీలు జూలై, ఆగస్టుల్లో. రిలీజ్‌కు, తరగతులకు మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి మాత్రమే ఉంటుంది.

సెప్టెంబరులో కమిషన్ పొందినవారి పరిస్థితి అలా కాదు. వారు బయటికి వచ్చేసరికి ఆ ఏటి తరగతులు మొదలైపోయి ఉంటాయి. మరుసటి ఏప్రిల్ వరకు ఆరు నెలల ఖాళీ. ఈ ఖాళీని వాడుకునే దారులు మూడున్నాయి. రక్షణ మంత్రిత్వ శాఖ కింది పునరావాస డైరెక్టరేట్ జనరల్, ఐఐఎంల వంటి సంస్థల్లో సర్వీసు ముగించే అధికారుల కోసం నడిపే ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సు మొదటిది. దాని ఫీజులో పెద్ద భాగాన్ని ప్రభుత్వమే భరిస్తుంది. పరిశోధన వైపు వెళ్లేవారికి కొన్ని ఐఐటీలు డిసెంబరు, జనవరిలో తీసుకునే పీహెచ్‌డీ ప్రవేశాలు రెండోది. ఆ కాలాన్ని పూర్తిగా చదువుకు, ఇంటర్వ్యూలకు కేటాయించడం మూడోది. మొదటి కోర్సు చేసి ఆగిపోకుండా, దాన్నే ఎంబీఏ దరఖాస్తుకు మెట్టుగా వాడుకోవడం నాకు అన్నిటికంటే మేలుగా కనిపిస్తుంది.

తొమ్మిదో ఏట జూలై నుంచి లెక్క వేసుకోండి. క్యాట్, గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో తెరుచుకుంటాయి. క్యాట్ నవంబరు చివరలో, గేట్ ఫిబ్రవరిలో జరుగుతాయి. అమెరికా విశ్వవిద్యాలయాల దరఖాస్తులు ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో ముగుస్తాయి. పర్మనెంట్ కమిషన్ కోరుకుంటారా లేదా అన్నది కూడా ఇదే కాలంలో తేల్చుకోవాలి. ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పదేళ్ల తర్వాత చాలామందికి యూనిఫాం వదలబుద్ధి కాదు. మనసు మారితే దాన్ని ఓటమిగా భావించవద్దు. అయితే సీటు వచ్చాక మనసు మార్చుకోవడం కంటే, దరఖాస్తుకు ముందే మనసును అడిగి తెలుసుకోవడం అందరికీ మంచిది.

ఎనిమిదో మెట్టు: సర్వీసును దరఖాస్తులో ఎలా రాయాలి

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో అధికారులు తరచూ చేసే రెండు పొరపాట్లున్నాయి. అర్థం కాని సైనిక సంక్షిప్త నామాలతో పేజీ నింపడం ఒకటి, చెప్పకూడనివి చెప్పడం రెండోది. యూనిట్ పేరు, మోహరించిన చోటు, ఆయుధాల సంఖ్య, ఆపరేషన్ల వివరాలు ఎక్కడా రాయకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం రిలీజ్ తర్వాత కూడా వర్తిస్తుంది. ‘ఎత్తయిన పర్వత ప్రాంతంలో 120 మంది బృందానికి శీతాకాలపు సరఫరాల బాధ్యత వహించాను. రోడ్డు మూసుకుపోయే లోపు ఆరు నెలల సరుకును లెక్కగట్టి నిల్వ చేయించాను’ అని రాస్తే చాలు. సప్లై చెయిన్ చదవడానికి వచ్చిన మనిషి ఎవరో చదివేవారికి అర్థమైపోతుంది.

సిఫారసు లేఖల్లో ఒకటి మీ కమాండింగ్ ఆఫీసర్‌ది, ఒకటి అధ్యాపకుడిది ఉంటే సమతూకంగా ఉంటుంది. పరిశోధన కోర్సులకు అధ్యాపకుడి లేఖే ముఖ్యం. మూడో మెట్టులో చెప్పిన ఆ ఇద్దరు అధ్యాపకులు ఇక్కడే అక్కరకు వస్తారు. కమాండింగ్ ఆఫీసర్లు రెండు మూడేళ్లకు మారుతుంటారు కాబట్టి, మిమ్మల్ని బాగా చూసినవారు బదిలీ అయ్యే ముందే మాట అడిగి పెట్టుకోండి.

తొమ్మిదో మెట్టు: డబ్బు

లెఫ్టినెంట్ మూల వేతనం నెలకు రూ. 56,100తో మొదలవుతుంది. దానికి తోడు మిలిటరీ సర్వీస్ పే రూ. 15,500, కరువు భత్యం, ప్రాంతాన్ని బట్టి ఇతర భత్యాలు ఉంటాయి. పెన్షన్‌కు అధికారులకు 20 సంవత్సరాల సర్వీసు కావాలి కాబట్టి పదేళ్లకు వచ్చేవారికి గ్రాట్యుటీ ఉంటుంది గాని పెన్షన్ ఉండదు. పేరున్న మేనేజ్‌మెంట్ సంస్థల్లో ఏడాది కోర్సు ఫీజు రూ. 30 లక్షలు దాటుతోంది. ఆ ఏడాది జీతం కూడా ఉండదు. పెళ్లయి పిల్లలున్నవారికి ఇంటి అద్దె, స్కూలు ఫీజులు అదనం. మూడో ఏటి నుంచే చదువు పేరిట విడిగా ఒక ఖాతా తెరిచి, ఫీల్డ్ పోస్టింగుల్లో ఖర్చు తక్కువగా ఉన్న నెలల్లో ఎక్కువ మొత్తం అందులో వేయండి. కారు అప్పు, ప్లాట్ అప్పు తొమ్మిదో ఏటికి ముందే ముగిసేలా చూసుకోండి. ఐఐటీల్లో గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరేవారికి స్టైపెండ్ వస్తుంది గాని, కుటుంబాన్ని నడపడానికి అది చాలదు.

పదో మెట్టు: రిలీజ్ రోజున చేతిలో ఉండవలసినవి

రిలీజ్ ఆర్డర్, సర్వీసు కాలాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్, చేసిన కోర్సుల గ్రేడింగ్ పత్రాలు, మద్రాస్ విశ్వవిద్యాలయం డిప్లొమా, చదువు కోసం తీసుకున్న అనుమతుల నకళ్లు అన్నీ తీసుకునే యూనిట్ నుంచి బయలుదేరండి. ఏడాది కోర్సుల ప్రవేశ విభాగాలు అనుభవాన్ని నెలలతో సహా సరిచూస్తాయి కాబట్టి, సర్టిఫికెట్‌లోని తేదీలు దరఖాస్తులో రాసిన తేదీలతో కలుస్తున్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. తేడా ఉంటే అదే రోజు సరిచేయించుకోండి. రిలీజ్ అయ్యాక ఆ పని నెలల మీద పడుతుంది. ఆ తర్వాత మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని, మాజీ సైనికోద్యోగి గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి. గడువు పూర్తి చేసుకుని గ్రాట్యుటీతో విడుదలైన షార్ట్ సర్వీస్ అధికారులు ఆ నిర్వచనం కిందికి వస్తారు. పీజీ చదువుతూనే సివిల్స్ రాయాలనుకునేవారికి వయసు సడలింపు కోసం ఆ కార్డు, రిలీజ్ పత్రం రెండూ కావాలి.